కొండ పాదం దగ్గర ఉన్నదంతా కొండది కాదు: అంగారకుడి మీద ఒక బల్లకొండ కేస్ స్టడీ

నేల చదునుగా ఉందని చెప్పాలంటే మనం "బల్లపరుపుగా ఉంది" అంటాం. గ్రహాల మీది స్థలాలకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ ఖగోళ సంఘం కూడా ఇదే పోలిక తీసుకుంది. పైన చదునుగా, చుట్టూ నిట్టనిలువు అంచులతో పైకి లేచి కనిపించే కొండను మెన్సా అంటారు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం బల్ల. బహువచనం మెన్సే. తెలుగువాళ్లకు ఈ పదం ఒకసారి చెబితే చాలు, మళ్లీ వివరించాల్సిన పని ఉండదు. అందుకే ఈ రాతలో దాన్ని బల్లకొండ అనే అంటాను.

నేను చెప్పబోయే బల్లకొండ డ్యూటెరోనిలస్ మెన్సే అనే ప్రాంతంలో ఉంది. అంగారకుడి దక్షిణార్ధం ఎత్తుగా, ఉల్కలు తగిలి ఏర్పడిన గుంతలతో, అంటే బిలాలతో నిండి ఉంటుంది. ఉత్తరార్ధం పల్లంగా, చదునుగా ఉంటుంది. ఈ రెండూ కలిసే చోట, ఉత్తరాన 40 డిగ్రీల అక్షాంశం దాటాక, పీఠభూమి అంచు ముక్కలు ముక్కలుగా తెగి, వందలాది బల్లకొండలుగా విడిపోయింది. ఈ ప్రాంతం ఆ చివరి నుంచి ఈ చివరికి సుమారు 900 కిలోమీటర్లు ఉంటుంది. అంగారకుడి చుట్టూ తిరిగిన మెరినర్ 9 నౌక పంపిన ఫొటోలు చూసి ఈ తరహా నేలకు ఫ్రెటెడ్ టెర్రెయిన్ అని 1973లో పేరు పెట్టింది రాబర్ట్ షార్ప్. మన కొండకు సొంత పేరేమీ లేదు. మా పటంలో అది ఒక నంబరు, అంతే.

నా పని ఆ కొండ హద్దులు గీయడం. కొండ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ భాగం ఏ పదార్థమో రంగులతో పటం మీద చూపించాలి. కూర్చుంటే రెండు రోజుల పని అనుకున్నాను. దాని పాదం దగ్గర నెలల తరబడి ఆగిపోయాను.

పైభాగం తేలిక, పాదమే కష్టం

ముందు పైభాగం సంగతి చూద్దాం. పైన చదునుగా కనిపించిన ప్రతిదీ బల్లకొండ కాదు. శుక్రుడి మీద ఆల్ఫా రీజియో దగ్గర దోసెల్లా గుండ్రంగా పరుచుకున్న ఏడు గుమ్మటాలున్నాయి. సగటున 25 కిలోమీటర్ల వెడల్పు, గరిష్ఠంగా 750 మీటర్ల ఎత్తు. మాగెల్లాన్ నౌక రాడార్‌తో తీసిన చిత్రాల్లో చక్కగా కనిపిస్తాయి. వాటి పైభాగమూ చదునే, కానీ అవి చిక్కటి లావా పైకి వచ్చి పరుచుకోవడం వల్ల పుట్టాయి. ఐస్‌లాండ్‌లోని హెర్దుబ్రెయిద్ కొండ కూడా పైన చదునే. మందపాటి మంచు కింద అగ్నిపర్వతం పేలితే తయారయ్యే రకం అది. ఇవన్నీ కింది నుంచి పెరిగిన బల్లలు. మెన్సా అలా కాదు. చుట్టూ ఉన్నదంతా పోగా మిగిలిన బల్ల అది.

ఈ తేడా ఎలా పట్టుకుంటాం? పక్కపక్క కొండల పైభాగాల ఎత్తులు పోల్చి చూస్తాం. ఒకప్పుడు ఒకే పీఠభూమి అయితే, విడిపోయాక కూడా తలలన్నీ దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. విడివిడిగా పుట్టిన కొండలకు ఆ క్రమశిక్షణ ఉండదు. మన కొండ తల పక్కవాటితోనూ, దక్షిణాన ఉన్న అసలు పీఠభూమితోనూ సరిపోయింది. అంచు దగ్గర సగానికి తెగిపోయిన పాత బిలం కూడా కనిపించింది. మిగతా సగం ఉండాల్సిన చోట ఇప్పుడు లోయ ఉంది. అంతకంటే పెద్ద సాక్ష్యం నాకు అక్కర్లేకపోయింది. ఇది మిగిలిన బల్లే.

చిక్కు పాదం దగ్గర వచ్చింది. ఆ కొండ చుట్టూ, చీర కుచ్చిళ్లు నేల మీద పరుచుకున్నట్టు, ఒక పదార్థం కిలోమీటర్ల కొద్దీ మైదానంలోకి పాకి ఉంది. వైకింగ్ నౌకలు పంపిన చిత్రాల్లో వీటిని గమనించి 1970ల చివర్లో వివరంగా రాసినవాడు స్టీవెన్ స్క్వయర్స్. ఆ తర్వాత స్పిరిట్, ఆపర్చ్యునిటీ రోవర్ల శాస్త్ర బృందాన్ని నడిపింది కూడా ఆయనే. ఈ కుచ్చిళ్లను డెబ్రిస్ ఏప్రన్ అంటారు, మేం రోజూ మాట్లాడుకునేటప్పుడు ఉత్తి ఏప్రన్ అనేస్తాం. రాళ్లూ మట్టీ కలిసిన శిథిలాలని ఆ పేరే చెబుతోంది కదా. నా పొరపాటు అక్కడే మొదలైంది.

కర్నూలు కళ్లతో చూస్తే

నేను జియాలజీ నేర్చుకున్నది ఎర్రమల కొండల్లో. బేతంచర్ల, ఔకు వైపు తిరిగినవాళ్లకు ఆ కొండల తీరు తెలుసు. పైన పాణ్యం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి మూతలా ఉంటుంది. దాని కింద ఔకు షేల్ మెత్తగా పొరలు పొరలుగా ఉంటుంది. ఇంకా కింద నార్జి సున్నపురాయి, మనం నాపరాయి అని ఇళ్లలో పరుచుకునేది అదే. మెత్తటి షేల్ వానకు కరిగి లోపలికి తినేస్తే, పైన ఉన్న క్వార్ట్‌జైట్‌కు ఆసరా పోయి బండలు విరిగి కిందకు దొర్లుతాయి. కొండ అంచు వెనక్కి జరుగుతూ పోతుంది, తల మాత్రం చదునుగానే ఉంటుంది. పాదం దగ్గర పడి ఉన్న బండను సుత్తితో కొట్టి చూస్తే పైనున్న రాయే. అక్కడ పాదాన్ని చూసి తలను చెప్పొచ్చు.

ఆ అలవాటుతోనే అంగారకుడి కొండను చూశాను. ఏప్రన్ అంటే కొండ నుంచి రాలిన రాళ్లే అనుకుని, కొండ హద్దును ఏప్రన్ బయటి అంచు వరకు లాగేశాను. మొత్తానికి ఒకే రంగు వేశాను.

గీత గీశాక ఎత్తుల ప్రొఫైల్, అంటే నేలను నిలువుగా కోసినట్టు ఎత్తుపల్లాలు చూపే గీత తీస్తే మొదటి అనుమానం వచ్చింది. రాలిన రాళ్ల వాలు ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఇసుక కుప్ప పోసినట్టు, సుమారు 30 నుంచి 35 డిగ్రీల వాలుతో దాదాపు తిన్నని గీతలా ఉంటుంది, కింద కాస్త లోపలికి వంగుతుంది. ఏప్రన్ ప్రొఫైల్ దీనికి తలకిందులుగా ఉంది. కొండ పాదం నుంచి చాలా దూరం రెండు మూడు డిగ్రీల వాలుతో మెల్లగా దిగి, బయటి అంచు దగ్గర ఒక్కసారిగా గుండ్రంగా పడిపోయింది. పెనం మీద పోసిన పిండి అంచు ఎలా ఉబ్బి ఆగుతుందో అలా. రాళ్లు దొర్లితే ఈ ఆకారం రాదు. లోపల ఏదో మెల్లగా పారితేనే వస్తుంది.

ఆ రోజే ఆగాల్సింది. కానీ ఎత్తుల డేటా మీద నెపం వేశాను. అది పూర్తిగా సాకు కూడా కాదు. మార్స్ గ్లోబల్ సర్వేయర్ మీదున్న మోలా లేజర్ నేల మీద ప్రతి 300 మీటర్లకు ఒక చుక్క కొలిచింది. ఒక్కో చుక్క వెడల్పే 160 మీటర్లు దాటుతుంది. ఆ చుక్కల మధ్య ఖాళీలు పూడ్చి తయారు చేసిన గ్రిడ్‌లో ఒక్కో గడి సుమారు 463 మీటర్లు. కిలోమీటరు ఎత్తు నిలువు గోడ కూడా ఆ గ్రిడ్‌లో నున్నటి వాలుగా కనిపిస్తుంది. అందుకే బల్లకొండ అంచును గ్రిడ్ మీద ఎప్పుడూ కొలవకూడదు. అంచు కావాలంటే మార్స్ ఎక్స్‌ప్రెస్ స్టీరియో కెమెరా ఎత్తులు గానీ, గ్రిడ్‌గా మార్చని అసలు లేజర్ చుక్కలు గానీ తీసుకోవాలి. ఇదంతా నిజమే. కానీ ఏప్రన్ వెడల్పు పదుల గడులు ఉంది. అంత పెద్ద ఆకారాన్ని గ్రిడ్ తప్పు చూపించే అవకాశం లేదు. అంచుకు వర్తించే లోపాన్ని పాదానికి అంటగట్టాను.

రాడార్ చూపించిన గీత, అది నన్ను తప్పుదారి పట్టించిన తీరు

లోపల ఏముందో తేల్చాలంటే లోపలికి చూసే పరికరం కావాలి. మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ మీద ఇటలీ అంతరిక్ష సంస్థ ఇచ్చిన షరాడ్ అనే రాడార్ ఉంది. 15 నుంచి 25 మెగాహెర్ట్జ్ మధ్య తరంగాలు కిందకు పంపుతుంది. కొంత నేల పైన తగిలి వెనక్కి వస్తుంది, మిగతాది లోపలికి దిగి కింది పొరను తాకి ఆలస్యంగా వస్తుంది. నౌక సాగుతున్న కొద్దీ ఈ ప్రతిధ్వనులను పక్కపక్కన పేర్చితే వచ్చే బొమ్మే రాడార్‌గ్రామ్. పైన నేల గీత, కింద ఇంకేదైనా ఉంటే మరో గీత.

నౌక ఒకసారి దాటిన దారిని ట్రాక్ అంటాం. మా కొండ ఏప్రన్ మీదుగా వెళ్లిన మొదటి ట్రాక్‌లోనే నేల గీత కింద రెండో గీత మెరిసింది. చాలా సంతోషించాను. అడుగు దొరికింది, ఆలస్యం కొలిచాం, మందం వచ్చేసింది అనుకుని స్లైడ్ కూడా తయారు చేశాను. మా గైడ్ గారు స్లైడ్ చూసి ఒకే మాట అడిగారు. "క్లటర్ సిమ్యులేషన్ పెట్టి చూశావా, నాయనా?"

చూడలేదు. పెట్టి చూస్తే ఆ గీత అడుగు కాదు.

ఇది కాస్త దగ్గరగా చూడాలి, బల్లకొండల ప్రాంతంలో రాడార్‌తో పని చేసే ఎవరికైనా ఈ దెబ్బ తగులుతుంది. రాడార్‌కు దిక్కు తెలీదు. ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా వచ్చిందో మాత్రమే తెలుస్తుంది. అది కింద నుంచి వచ్చిందా, కుడి నుంచా, ఎడమ నుంచా చెప్పలేదు. నౌక సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. తిన్నగా కింద ఉన్న నేల దూరం 300. అదే మట్టంలో 20 కిలోమీటర్లు పక్కన ఒక గట్టు ఉంటే, దాని దూరం లంబకోణ త్రిభుజం లెక్కన 300.67 కిలోమీటర్లు. తేడా 670 మీటర్లకు దగ్గర. పోయి రావడానికి పట్టే అదనపు సమయం సుమారు 4.4 మైక్రోసెకన్లు. రాడార్‌గ్రామ్‌లో ఆ గట్టు నేల కింద 4.4 మైక్రోసెకన్ల లోతున గీతలా కూర్చుంటుంది. లోపల ఉన్నది మంచనుకుని, మంచులో తరంగం శూన్యంలో కంటే మెల్లగా పోతుంది కాబట్టి ఆ లెక్కన కడితే 375 మీటర్ల మందం వస్తుంది. నమ్మదగిన అంకె. అందుకే ప్రమాదం. అసంబద్ధమైన అంకె వస్తే ఎవరైనా ఆగి చూస్తారు.

చదునైన మైదానంలో ఈ బెడద తక్కువ. చుట్టూ నిటారు గోడలున్న బల్లకొండల మధ్య ప్రతి గోడా ఒక అద్దంలా పని చేస్తుంది. ఇలా పక్కల నుంచి వచ్చే ప్రతిధ్వనులనే క్లటర్ అంటారు. సిమ్యులేషన్‌లో చేసేది ఏమిటంటే, తెలిసిన ఎత్తుల పటం మీద నౌకను ఉత్తుత్తిగా ఎగరేసి, నేల పైభాగం నుంచి మాత్రమే ఏ ప్రతిధ్వనులు రావాలో ముందే లెక్క కడతారు. నేల లోపల ఏమీ లేదనుకునే లెక్క అది. అసలు రాడార్‌గ్రామ్‌లో ఉండి, సిమ్యులేషన్‌లో లేని గీతే లోపలి నుంచి వచ్చినది. నేను మెచ్చుకున్న గీత రెండింటిలోనూ ఉంది. పక్క కొండ గోడ అది.

ఆ స్లైడ్ తీసేసి మళ్లీ మొదలుపెట్టాం. పక్క గోడలు దూరంగా ఉండే వైపు, ఏప్రన్ విశాలంగా మైదానంలోకి సాగిన చోట ట్రాక్‌లు వెతికాం. ఒక్క ట్రాక్‌ను నమ్మకుండా, కొండను వేర్వేరు వైపుల నుంచి దాటినవి తీసుకున్నాం. అప్పుడు సిమ్యులేషన్‌లో జాడ లేని గీత ఒకటి దొరికింది. నేల గీత కింద మొదలై, ఏప్రన్ బయటి అంచు దగ్గరకు వచ్చేసరికి పైకి వచ్చి మైదానం గీతతో కలిసిపోయింది. ఆ కలయిక చూసినప్పుడే టెన్షన్ తగ్గింది. అడుగు అనేది అలాగే ప్రవర్తించాలి. ఏప్రన్ అయిపోయిన చోట దాని అడుగూ పై నేలా ఒకటైపోవాలి.

రాయా, మంచా?

ఇప్పుడు అసలు పరీక్ష. రాడార్ తరంగం ఏ పదార్థంలో ఎంత వేగంగా పోతుందో దాని డైఎలెక్ట్రిక్ కాన్‌స్టంట్ చెబుతుంది. శుద్ధమైన మంచుకు అది 3.1 దగ్గర. గట్టి అగ్నిశిలకు 8 అనుకోండి. వేగం ఈ అంకె వర్గమూలానికి విలోమంగా ఉంటుంది.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి గుండు అంకెలు తీసుకుంటాను. రెండు గీతల మధ్య ఆలస్యం 5 మైక్రోసెకన్లు అనుకుందాం. శూన్యంలో అయితే అది 750 మీటర్ల దూరం. మంచు అనుకుంటే 1.76తో భాగించాలి, 426 మీటర్లు వస్తుంది. రాయి అనుకుంటే 2.83తో భాగించాలి, 265 మీటర్లు. ఆ చోట ఏప్రన్ పైభాగం పక్క మైదానం కంటే 430 మీటర్లు ఎత్తున ఉందనుకుందాం, అది లేజర్ విడిగా కొలిచి చెప్పిన అంకె. మంచు అనుకుంటే ఏప్రన్ అడుగు మైదానం మట్టానికి వచ్చి కూర్చుంటుంది. రాయి అనుకుంటే అడుగు మైదానం కంటే 165 మీటర్లు పైకి లేచి ఉంటుంది.

ఏప్రన్ కింద నిజంగానే 165 మీటర్ల అరుగు ఉండొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. ఒక చోట ఉండొచ్చు. కానీ ప్రతి ట్రాక్‌లోనూ, ఏప్రన్ మందంగా ఉన్నచోట ఎత్తుగా, పలచగా ఉన్నచోట తక్కువగా, పైభాగం ఆకారాన్నే అనుకరిస్తూ అరుగు ఉండటం కుదరదు. మంచు అంకె వేసిన మరుక్షణం ఆ వంకర గీతలన్నీ సాపై, మైదానానికి కొనసాగింపుగా ఒకే మట్టంలోకి వచ్చాయి. ఇంకో సాక్ష్యం ఉంది. అడుగు నుంచి వచ్చిన ప్రతిధ్వని పెద్దగా బలహీనపడలేదు. రాళ్లూ మట్టీ అంత మందాన ఉంటే తరంగాన్ని చాలావరకు మింగేసేవి.

ఈ పద్ధతి మాది కాదు, మేం దాన్ని ఒక కొండకు వాడాం. జాక్ హోల్ట్ బృందం 2008లో అంగారకుడి దక్షిణార్ధంలోని హెల్లస్ అనే పెద్ద పల్లానికి తూర్పు వైపు ఏప్రన్‌లలో ఇదే తర్కంతో మంచును చూపించింది. మరుసటి ఏడాది జెఫ్రీ ప్లాట్ బృందం డ్యూటెరోనిలస్ మెన్సేలోనే చూపించింది. 2018లో ఎరిక్ పీటర్సన్, సహచరులు ఈ ప్రాంతంలోని ఏప్రన్‌లను విస్తృతంగా పరిశీలించి, వాటిలో 80 శాతానికి పైగా మంచే అని తేల్చారు. అంటే శిథిలాలు అని పేరు పెట్టుకున్నది నిజానికి హిమానీనదం. పైన రాళ్లూ దుమ్మూ పలచటి దుప్పటిలా కప్పుకుని ఉంది.

ఆ దుప్పటి లేకపోతే ఏప్రన్ ఈపాటికి మిగిలేది కాదు. అంగారకుడి మీద గాలి ఒత్తిడి సుమారు 6 మిల్లీబార్లు, మన దగ్గర వెయ్యికి పైన. ఆ అక్షాంశాల్లో బయటపడిన మంచు కరగదు, నేరుగా ఆవిరైపోతుంది. వరిగడ్డి కప్పిన ఐస్ దిమ్మలా, కప్పు ఉన్నంతవరకే అది నిలుస్తుంది. ఆ కప్పు రాళ్లే బల్లకొండ గోడ నుంచి రాలినవి. కాబట్టి నా మొదటి చూపులో కొంత నిజం ఉంది. పాదం దగ్గర కొండ రాళ్లు ఉన్నాయి, పైపొరగా మాత్రమే.

మరి మంచు ఎక్కడి నుంచి వచ్చింది? భూమి అక్షం వంపును చంద్రుడు పట్టి ఉంచుతాడు, 22 నుంచి 24.5 డిగ్రీల మధ్యే కదులుతుంది. అంగారకుడికి అంత పెద్ద తోడు లేదు. ఇప్పుడు వంపు 25 డిగ్రీలే ఉన్నా, 50 లక్షల ఏళ్లకు ముందు సగటు 35 డిగ్రీల దగ్గర ఉండేదని జాక్ లాస్కర్ బృందం లెక్కలు చెబుతాయి. అక్షం అంత వంగితే ధ్రువాల మీద ఎండ బాగా పడుతుంది. అక్కడి మంచు ఆవిరై మధ్య అక్షాంశాల్లో తిరిగి పడుతుంది. గోడల నీడలో, లోయల్లో పేరుకుంటుంది, బరువెక్కి పారుతుంది. ఏప్రన్‌ల ఉపరితలం మీది బిలాలు లెక్కపెట్టి అంచనా వేసిన వయసులు పదికోట్ల ఏళ్లకు అటూ ఇటూ, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. కొండ తల మాత్రం వందల కోట్ల ఏళ్ల నాటిది. తలకూ పాదానికీ అంత తేడా.

ఇంత తెలిశాక ఫొటోలు మళ్లీ తెరిచాను. పిక్సెల్‌కు 6 మీటర్ల సీటీఎక్స్ కెమెరా చిత్రంలో ఏప్రన్ మీద సన్నటి గీతలు కొండ నుంచి బయటికి పారి, అడ్డొచ్చిన చిన్న గుట్టను రెండు పాయలుగా చుట్టి మళ్లీ కలుస్తున్నాయి. ఇంకా దగ్గరగా చూపించే హైరైజ్ కెమెరా చిత్రంలో నేల మెదడు ముడతల్లా మెలికలు తిరిగి ఉంది. కొన్ని బిలాలు మామూలు గిన్నెలా కాకుండా, గుంత లోపల మరో ఉబ్బిన ఉంగరంతో ఉన్నాయి. పలచటి మట్టి కింద మంచుకు ఉల్క తగిలితే అలా అవుతుందనేది వాటికి ఇచ్చే వివరణ. ఇవన్నీ మొదటి రోజు కూడా ఆ చిత్రాల్లోనే ఉన్నాయి. నేను చూసి, "గరుకు నేల" అని నోట్ రాసుకున్నాను. ఆ నోట్ ఇప్పటికీ ఫైల్లో ఉంది, తీసేయలేదు.

ఈ పని పటాలు గీసేవాళ్లకే పరిమితం కాదు. 2015 అక్టోబరులో హ్యూస్టన్‌లో మనుషులు దిగే చోట్ల గురించి జరిగిన తొలి వర్క్‌షాప్‌లో డ్యూటెరోనిలస్ మెన్సేను కూడా ప్రతిపాదించారు. అక్కడికి వెళ్లేవాళ్లకు తాగే నీళ్లూ, తిరుగు ప్రయాణానికి ఇంధనమూ ఆ మంచు నుంచే రావాలి. అలాంటప్పుడు రాయికి మంచు రంగు వేసినా, మంచుకు రాయి రంగు వేసినా పర్యవసానం పటంతో ఆగదు. మంచు మీది రాళ్ల కప్పు మందం వాళ్లకు ఇంకా ముఖ్యం. షరాడ్ నేల లోపల పది మీటర్లకు తక్కువ తేడాను విడదీసి చూపలేదు. మా ట్రాక్‌లలో నేల గీత కిందనే మరో గీత విడిగా కనిపించలేదు కాబట్టి, కాస్త వెసులుబాటు ఉంచుకుని, కప్పు పదిహేను మీటర్ల లోపే అని రాశాం. రెండు మీటర్లా, పన్నెండా అనేది ఈ రాడార్ చెప్పాల్సిన విషయం కాదు. అందుకే అంతకు మించి ఒక్క అంకె కూడా రాయలేదు.

చివరికి గీత మార్చాం. కొండ హద్దును ఏప్రన్ బయటి అంచు నుంచి వెనక్కి లాగి, గోడ అడుగున పెట్టాం. బల్లకొండ పటం మీద చిన్నదైంది. దాని చుట్టూ ఒకప్పుడు గోధుమ రంగు వేసిన చోటంతా నీలం వచ్చింది. ఆ తర్వాత పక్క కొండల ఫైళ్లు తెరిచి, గోడ ఎక్కడ ఆగుతుందో ఒక్కొక్కటిగా మళ్లీ చూడటం మొదలుపెట్టాం.